బండిని పడగొట్టే రెండు డిగ్రీలు

పొలాల్లో, తోటల్లో, అటవీ పనుల్లో వాడే నాలుగు చక్రాల ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే చిన్న బండి, క్వాడ్ బైక్) బోల్తా పడి కార్మికుడు మరణించినప్పుడు, నడిపినవాడి అజాగ్రత్తే కారణమని తేల్చి విచారణ ముగించడం నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే తోస్తుంది. ఆ బండి ఏ వాలు మీద పడుతుందన్నది దాని ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం, గరిమనాభి (బరువంతా ఒకచోటే ఉన్నట్టు పనిచేసే బిందువు) ఎత్తు కలిసి చాలావరకు ముందే నిర్ణయిస్తాయి.

గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత దిగువ వైపు చక్రాలను దాటితే బండి నిలవదు. చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఆ హద్దు కోణపు టాంజెంట్. ఉదాహరణకు 300 కిలోల బండి గరిమనాభి 0.5 మీటర్ల ఎత్తులోనూ, 80 కిలోల మనిషిది 1 మీటరు ఎత్తులోనూ ఉన్నాయనుకుందాం. ఉమ్మడి గరిమనాభి సుమారు 0.605 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. చక్రాల మధ్య దూరం 0.9 మీటర్లయితే హద్దు 36.6 డిగ్రీలు. ఇప్పుడు 15 డిగ్రీల వాలుకు అడ్డంగా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతూ, 7 మీటర్ల వ్యాసార్ధంతో ఎగువకు తిప్పితే, అపకేంద్ర బలం బండిని వాలు వెంట దిగువకు నెడుతుంది. వాలూ ఆ బలమూ కలిసి సుమారు 36.3 డిగ్రీల వాలుతో సమానమవుతాయి, బండి హద్దు అంచున నిలిచింది. అదే బండి మీద, 1 మీటరు ఎత్తులో, 60 కిలోల పురుగుమందు ట్యాంకు పెడితే హద్దు 34.3 డిగ్రీలకు దిగజారుతుంది. అదే మనిషి, అదే వేగం, అదే మలుపు. ఈసారి బండి బోల్తా పడుతుంది. ట్యాంకు సగమే నిండి ఉంటే, మలుపులో ద్రవం దిగువ వైపుకు పొర్లి, గరిమనాభిని పక్కకు కూడా జరుపుతుంది. గరిమనాభిని నిర్వచనంగా బట్టీ పట్టించే బదులు తరగతిలో ఈ ఒక్క లెక్క చేయిస్తే ఎంత బాగుంటుందో!

పడిన తర్వాత ప్రాణం తీసేది తరచుగా ఆ బరువే. బండి ఛాతీ మీద నిలిచిపోతే పక్కటెముకలు లేవవు, ఊపిరి లోపలికి పోదు; ఎముక ఒక్కటీ విరగకపోయినా నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఒంటరిగా పనిచేసేవారికి ఆ బరువు ఎత్తే చేయి దొరకదు, హెల్మెట్ ఈ ఊపిరాడని చావును ఆపలేదు.

ఆస్ట్రేలియా ఈ రెండు దశలనూ విడివిడిగా పట్టించుకుంది. 2021 అక్టోబరు 11 నుంచి అక్కడ అమ్మే కొత్త సాధారణ వినియోగ క్వాడ్ బైకులు, పక్కవాటుగా 28.81 డిగ్రీల కంటే తక్కువ వాలులో రెండు చక్రాల మీదికి లేవకూడదు. అంటే ఆ టాంజెంట్ కనీసం 0.55 ఉండాలి. దానితోపాటు నడిపేవారికి రక్షణ చట్రం కూడా తప్పనిసరి. చట్రం బోల్తాను ఆపదు. బండికీ నేలకూ మధ్య ఛాతీ కదిలేంత ఖాళీని మిగల్చడమే దాని పని.