గట్టుకి ఎండ్రకాయ కన్నం, బోర్డుకి లీకేజీ కరెంటు

రొయ్యల చెరువు మీద పెట్టిన డీవో మీటరు (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) బ్యాటరీ రోజున్నర కూడా ఆగట్లేదు, ఇంకో సెల్ కలపమంటారా అని భీమవరం వైపు నుంచి ఒక ప్రశ్న. కలపొద్దు. ముందు ఫర్మ్‌వేర్, అంటే చిప్పులో నడిచే ప్రోగ్రాం, మార్చండి.

ఇలాంటి మీటర్లలో తరచూ ఉండేది ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్పున్న బోర్డు, 2600 ఎంఏహెచ్ (మిల్లీఆంపు-గంటల) లిథియం సెల్. రీడింగుకీ రీడింగుకీ మధ్య పదిహేను నిమిషాలు ప్రోగ్రాం ‘డిలే’లో, అంటే ఊరికే ఆగి, ఉంటుంది. మన కాలేజీ ల్యాబుల్లో మొదటి రోజు నేర్పేది డిలేయే, నిద్ర సంగతి చెప్పరు, చెప్పి తీరాలి. డిలేలో చిప్పు మెలకువగానే ఉండి సుమారు 80 మిల్లీఆంపులు లాగుతుంది. 2600ని 80తో భాగిస్తే 32 గంటలు.

కొత్త ఫర్మ్‌వేర్‌లో డీప్ స్లీప్ (గాఢనిద్ర) పెడితే చిప్పు వాడేది 10 మైక్రోఆంపులే. లేచిన ప్రతిసారీ ప్రోగ్రాం మొదటికొస్తుంది కనుక వైఫై ఛానల్ నంబరు నిద్రలోనూ చెరగని ఆర్‌టీసీ మెమరీలో దాచాలి. లేకపోతే వెతుకులాటకే సెకన్లు పోతాయి.

అయినా బ్యాటరీ 19 రోజులకే అయిపోతుంది! ఎందుకో వరిచేలో చూడండి. తూము తీస్తే నీళ్లు బుసబుసా పోతాయి, కానీ కాసేపే. గట్టులో ఎండ్రకాయ కన్నం సన్నగా కారుతుంది, రాత్రింబవళ్లూ. తెల్లారేసరికి మడి ఎండేది కన్నం వల్లే. బోర్డు తూము, అంటే మెలకువ వేళ, 120 మిల్లీఆంపులు, 5 సెకన్లు: గుణిస్తే 600. కన్నం, అంటే నిద్రలో కారేది, 5 మిల్లీఆంపులే, కానీ 900 సెకన్లు: 4500. ఏడున్నర రెట్లు! ఆ కన్నం చిప్పులో లేదు. పక్కనున్న ఏఎంఎస్1117 రెగ్యులేటరూ (వోల్టేజి నిలకడగా ఉంచేది), ఎర్ర ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ పీకేయండి. రెగ్యులేటరు బదులు తాను చాలా తక్కువ కరెంటు తినే హెచ్‌టీ7333 వేసి, వైఫై ఒక్కసారిగా కరెంటు లాగే కుదుపుకి 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపండి. అప్పుడు లెక్కకి 160 రోజులు. సెల్ పాతదైతే నాలుగు నెలలనుకోండి.

రెండో కన్నం ప్రోబు (నీళ్లలో ముంచే సెన్సర్) దగ్గర. ప్రోబు కరెంటు ఆపే స్విచ్చు లాంటి పీ-ఛానల్ మాస్‌ఫెట్‌ని నడిపే పిన్ను నిద్రలో ఏ వోల్టేజికీ కట్టుబడక గాల్లో తేలి, అది సగం తెరుచుకుంటుంది. ఫర్మ్‌వేర్‌లో పిన్ను హోల్డ్ చేయండి (ఉన్న స్థితిలోనే పట్టి ఉంచండి), మాస్‌ఫెట్ గేటుకి 100 కిలోఓమ్ పుల్‌అప్ రెసిస్టరు కూడా పెట్టండి.

పొదుపు తెల్లవారుజామున మాత్రం వద్దు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది, రొయ్యకి ప్రాణాపాయం ఆ వేళే. పగలు అరగంటకోసారి, అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా పది నిమిషాలకోసారి చూసేలా రాయండి.

కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే ముందు 4 ఎంబీ ఫ్లాష్ మెమరీ మొత్తం కాపీ తీసుకోండి. వైఫై మీద ఎక్కిస్తూ రోల్‌బ్యాక్ (కొత్తది చెడితే పాతదానికి తిరిగెళ్లే ఏర్పాటు) పెట్టుకుంటే, మొదటి నిద్రకి ముందే ‘ఇది సరైనదే’ అని ప్రోగ్రాం చెప్పాలి. నిద్ర నుంచి లేవడం రీసెట్‌తో సమానం. చెప్పకపోతే చిప్పు లేవగానే ముందు నడిచే బూట్‌లోడరు పాత ఫర్మ్‌వేర్‌కే పోతుంది.

చివరికి మల్టీమీటరు మైక్రోఆంపు రేంజిలో సెల్‌కి వరసలో పెట్టండి, మల్టీమీటరు రెండు కొసలకీ ఓ వైరు ముక్క అడ్డం వేసి బోర్డు ఆన్ చేయండి. వైరు లేకపోతే వైఫై లేచేసరికి వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతూనే ఉంటుంది. నిద్రలోకి జారాక వైరు తీసి చూడండి: ఇరవై లోపుంటే గట్టు బాగుంది, వందలు దాటితే ఇంకో కన్నం వెతకాలి.