జ్వరం తగ్గింది, సత్తువ రాలేదు

2006కు ముందు మా పెదనాన్న ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవారు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, 32 కిలోమీటర్లు నడిచి, మర్నాడు మామూలుగానే రైతుబజారుకు వెళ్లేవారు. ఆ ఏడాది చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలో పోయింది. మరుసటి ఆషాఢంలో కొబ్బరికాయ కొట్టి, ఆటో ఎక్కి ఇంటికొచ్చేశారు. "వయసు మీద పడింది" అన్నాం అందరం. అప్పుడాయనకు 68. అంతకుముందు ఏడాది 67. ఒక్క ఏడాదిలో అంత వయసు ఎలా మీద పడుతుంది?

ఆ వైరస్ విశాఖకు కొత్తది కాదు. 1952లో నేటి టాంజానియా ప్రాంతంలో బయటపడింది. అక్కడి మకొండే భాషలో ఆ పేరుకు మనిషిని వంచేసేది అని అర్థం. 1963లో కలకత్తాలో, మరుసటి ఏడు మద్రాసులో, 1965లో విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడల్లో ప్రబలింది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనిపించాక మూడు దశాబ్దాలు జాడ లేదు. తిరిగి వచ్చాక, 2006లో దేశంలో 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. కేసులు లెక్కపెట్టాం. జ్వరం తగ్గాక కూడా గోడ పట్టుకుని నడిచినవాళ్లు ఏ లెక్కలోకి వస్తారు?

ఆ లెక్కకు కొలత మాత్రం అప్పటికే ఉంది. 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రీడ్ బృందం ఐదు లక్షణాలు చెప్పింది: కోరకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, చేతి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గడం. మూడు కనిపిస్తే అది ఫ్రెయిల్టీ. వంటింటి భాషలో చెప్పాలంటే, కుక్కరు మూత తీయలేకపోవడం, పీట మీంచి లేవడానికి చెయ్యి అందించమనడం. 2005లో కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం, మంచం పక్కన నిలబడే వైద్యులు అంచనా వేయగల కొలబద్దను తయారు చేసింది. వయసు వేరు, సత్తువ తగ్గడం వేరు అని వైద్యం ఒప్పుకున్నది అలా.

వైరస్‌కూ దీనికీ సంబంధం రెండు వైపులా ఉంది. పెద్ద వయసులో ఒంట్లో వాపు గుణం నివురు గప్పిన నిప్పులా ఉంటుందని 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాంచెస్కీ వివరించారు. ఫ్లూ వంటిది సోకితే ఆ నిప్పు ఎగసి కండను కరిగిస్తుంది. కండ కరిగినవాళ్లు మరో జ్వరానికి తట్టుకోలేరు. పైగా కొందరు పెద్దవాళ్లలో జ్వరమే కనిపించదు. ఉన్నట్టుండి తడబడి పడిపోవడం, మాట పొంతన తప్పడం తొలి సంకేతం కావచ్చు.

కోవిడ్ దీన్ని రచ్చకెక్కించింది. 2020లో బ్రిటన్, ఇటలీ ఆసుపత్రుల్లో 1,564 మంది రోగులను పరిశీలిస్తే, ఎవరు గట్టెక్కుతారన్నది వయసు కన్నా, ఉన్న జబ్బుల కన్నా ఫ్రెయిల్టీయే బాగా చెప్పింది. 2021 మార్చి 1న మన దగ్గర పెద్దవాళ్లకు టీకాలు మొదలైనప్పుడు వరస పెట్టింది మాత్రం 60 ఏళ్ల గీతతో, జబ్బుల జాబితాతో. కోట్లమందికి వేయాల్సినప్పుడు గీత గీయడమే సులువు, తప్పుపట్టను.

నాకు ఎక్కువ గుచ్చుకునేది ఇంటి వైద్యం. "లంఖణం పరమౌషధం" అనే మాటను మనం వయసు చూడకుండా వాడేస్తాం. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి 2007లో ఒక అధ్యయనం చేశారు. కాళ్ల నుంచే దాదాపు కిలో కండ పోయింది. వాళ్లకు జ్వరం కూడా లేదు, తిండి సరిపడా పెట్టారు.

పెదనాన్న మూడు వారాలు మంచం దిగలేదు. దిగనివ్వలేదు. గుడ్డు వేడి చేస్తుందని, పప్పు అరగదని గంజి, చారన్నం పెట్టారు. పెద్దమ్మ ఆ గంజిని పూటపూటకూ కొత్తగా కాచి, చల్లార్చి, చెంచాతో తాగించేది.