చక్కెర మానితే కణితి పస్తుంటుందా?

బరంపురం, పర్లాకిమిడి వైపు ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ అని తేలితే ఆ ఇంట్లో ముందు మానిపించేది టీలో పంచదార. కణితి చక్కెర తిని పెరుగుతుందట, పస్తు పెడితే ఎండిపోతుందట. ఇందులో మొదటి సగమే నిజం.

ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు లోపొర కణాల ముఖ్యాహారం గ్లూకోజ్ కాదు, బ్యూటిరేట్. చోడంబలిలోని పీచునూ, చద్దన్నంలో అరగకుండా మిగిలిన పిండినీ పేగులోని బ్యాక్టీరియా పులియబెడితే పుట్టే ఆమ్లమది. ఆ కణాలకు దాదాపు 70 శాతం శక్తి దాన్నుంచే వస్తుంది. ఏపీసీ, కేరాస్ లాంటి జన్యువులు చెడి కణం క్యాన్సర్ దారి పట్టాక తిండి మారిపోతుంది. గ్లూకోజ్‌ని లోపలికి లాగే గ్లూట్-1 ప్రోటీన్లు పెరుగుతాయి. ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని పూర్తిగా కాల్చకుండా లాక్టేట్ అనే సగం కాలిన ఆమ్లంగా వదిలేస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలో గమనించింది ఇదే. ఇలా చేస్తే ఒక్కో గ్లూకోజ్‌కి సుమారు 30 రావలసిన ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) 2కి పడిపోతుంది. నష్టపు బేరమే, కానీ కణానికి దాని లెక్క దానికుంది: రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏకీ పొరలకీ ముడిసరుకు కావాలి, అది ఈ దారి మధ్యలోనే దొరుకుతుంది.

పంచదార మానినా కాలేయం గ్లూకోజ్ తయారు చేస్తూనే ఉంటుంది, అవసరమైతే కండ కరిగించి మరీ. కణితి వాటా కణితికి అందుతుంది, చిక్కేది మనిషి. చిక్కిన మనిషి కీమో తట్టుకోలేడు.

కణితి ఆకలి పెట్ స్కాన్‌కి మాత్రం బాగా పనికొస్తుంది. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్‌ని నరంలోకి ఎక్కించి, గంట ఆగి, ఎక్కడ పోగుపడిందో చూస్తారు. విశాఖకో భువనేశ్వర్‌కో స్కాన్‌కి వెళ్లేవాళ్లు 6 గంటల ముందు నుంచి మంచినీళ్లే తాగాలి. రైల్లో చక్కెర టీ తాగితే ఇన్సులిన్ పెరిగి గ్లూకోజ్ కండల్లోకి పోతుంది, స్కాన్‌లో కణితి మసకబారుతుంది. షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడేవారికి పేగంతా వెలిగి కణితి మరుగున పడొచ్చు. అందుకే డాక్టరు చాలాసార్లు 2 రోజుల ముందే ఆపిస్తారు.

కణం జీవక్రియ మీదే దెబ్బకొట్టాలన్న ప్రయత్నాలూ జరిగాయి. కేరాస్ చెడిన కణాలను భారీ మోతాదు విటమిన్-సి చంపుతుందని 2015లో ఎలుకల్లో తేలినప్పుడు చాలా ఆశపడ్డారు. తర్వాత రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో మొత్తంమీద లాభం కనబడలేదు.

నిజానికి కణం జీవక్రియను దెబ్బకొట్టే మందు 1957 నుంచీ ఉంది: ఫ్లోరోయూరాసిల్. చూడ్డానికి ఆర్ఎన్ఏ ముడిసరుకైన యూరాసిల్‌లా ఉండి కణంలో చొరబడి, డీఎన్ఏకి కావలసిన థైమిడిన్ తయారీని ఆపేస్తుంది. దీని మాత్ర రూపం కాపెసిటాబిన్. భోజనమైన అరగంటలోపు, రోజుకు రెండుసార్లు, సాధారణంగా 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. రక్తం పడుతుందని దుకాణంలో ఫోలిక్ ఆసిడ్ కొని దీనితో కలిపి మింగితే మందు పట్టు బిగిసి నోటి పుండ్లు, విరేచనాలు ముదురుతాయి. ఈ మందును ఒంట్లో విరిచేసే డీపీడీ ఎంజైమ్ పుట్టుకతో తక్కువున్న కొద్దిమందికి మామూలు మోతాదే ప్రాణం మీదకు తెస్తుంది. విరేచనాలు రోజూ అయ్యేదానికన్నా 4 సార్లు ఎక్కువైనా, రాత్రి లేవాల్సి వచ్చినా తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి.