బాత్‌రూమ్ చీకటిగా ఉందా? బల్బు మార్చే ముందు ఇది చదవండి

"బాత్‌రూమ్ చిన్నది, చీకటిగా ఉంటుంది. ఏ బల్బు పెట్టమంటారు?" ఇంటీరియర్ పనిలో ఉన్న నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. నేను వెంటనే జవాబు చెప్పను. పగటిపూట లోపలికెళ్లి, తలుపు వేసుకుని, లైటు ఆర్పేసి రెండు నిమిషాలు నిలబడతాను. బయట ఉన్నవాళ్లు కంగారు పడతారు కానీ, వెలుతురు ఎటునుంచి వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో ఆ మసకలోనే తెలుస్తుంది.

అపోహ: వాట్లు పెంచితే వెలుగు పెరుగుతుంది.

వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తింటుందన్నది. ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు దాదాపు 800 ల్యూమెన్లు ఇచ్చేది, ఇప్పటి ఎల్‌ఈడీ అంతే వెలుగును 8 నుంచి 10 వాట్లతో ఇచ్చేస్తుంది. డబ్బా మీద చూడాల్సింది ల్యూమెన్ల అంకెనే.

అయితే ల్యూమెన్లు పెంచినా గది మారని ఇళ్లు ఎన్నో చూశాను. సీలింగ్ మధ్యలో కిందకి చూసే లైటు ఒక్కటే ఉంటే వెలుగంతా నేలపాలు. నిలబడ్డ మనిషి కళ్లకు ఎదురుగా ఉండేవి గోడలు. అవి వెలిగితేనే గది వెలిగినట్టు అనిపిస్తుంది. నమ్మకం కుదరకపోతే రాత్రి లైటు ఆర్పి, ఫోన్ టార్చిని ముందు నేలకేసి, తర్వాత తెల్లటి సీలింగ్‌కేసి పట్టి చూడండి. టార్చి అదే, గది మాత్రం వేరేలా కనిపిస్తుంది.

అందుకే ఒక పెద్ద లైటు బదులు అద్దానికి అటూ ఇటూ ముఖం ఎత్తులో రెండు చిన్నవి పెట్టమంటాను. పైనుంచే వెలుగు పడితే కళ్ల కింద, గడ్డం కింద నీడలు పడతాయి. షేవింగ్ చేసుకునేవాళ్లను అడగండి, ఎక్కడ తెగుతుందో చెబుతారు. నీళ్లు చిందే చోట కనీసం ఐపీ44 రేటింగున్న (ఐపీ అంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె) ఫిట్టింగే వాడాలి, షవర్ దగ్గరైతే ఐపీ65 మేలు. వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

అపోహ: నీలంగా మెరిసే తెల్ల లైటే ఎక్కువ వెలుగు.

డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది వెలుగు రంగు, మోతాదు కాదు. తెల్ల టైల్స్ మీద ఆ లైటు పడితే ఆస్పత్రి వరండాలో నిలబడ్డట్టు ఉంటుంది. నేనైతే 4000 దగ్గర ఆగుతాను, సీఆర్ఐ (ఆ లైటులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా చూస్తాను. లేదంటే ఒంటి రంగు పాలిపోయినట్టు కనిపిస్తుంది.

అపోహ: అన్నిటికీ తెలుపు కొడితే చాలు.

రంగు వెలుగును పుట్టించదు, తన మీద పడినదాన్ని తిరిగి పంపుతుంది, అంతే. వెలుగు చేరని మూలలో తెలుపు కూడా బూడిద రంగులోకి దిగిపోతుంది. ముందు లైటు సంగతి చూసి, ఆ తర్వాత అది ఎక్కువగా పడే గోడకు లేత రంగు వేయండి. అందరూ మరిచిపోయేది తలుపు లోపలివైపు. వేసుకున్నాక అదీ ఒక గోడే. ముదురు గోధుమ రంగు తలుపు చిన్న గదిలో ఎంత వెలుగు మింగేస్తుందో చెప్పలేను.

అపోహ: పెద్ద అద్దం ఎక్కడ పెట్టినా గది వెలుగుతుంది.

ఈ తప్పు నేనే చేశాను. పని కొత్తలో ఒక ఇంట్లో నిలువెత్తు అద్దం తెప్పించి, ముదురు టైల్స్ గోడకు ఎదురుగా బిగించాను. ఒకటున్న చీకటి గోడ రెండయింది. అద్దం ఎదురుగా ఉన్నదాన్నే చూపిస్తుంది మరి. ఊడదీసి వెంటిలేటర్ పక్క గోడకు మార్చాకే నాకు ఊపిరాడింది.

మెరిసే టైల్స్ గురించి కూడా ఒక మాట. వెలుగును నిర్ణయించేది మెరుపు కన్నా రంగు. గ్లాసీ టైల్‌లో బల్బు చుక్కలా కనిపించి కంట్లో గుచ్చుకుంటుంది. నేలకైతే అసలే వద్దు, జారిపడతారు. టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ రంగు టైల్ రంగుకు దగ్గరగా ఉంటే గళ్లు కనిపించక గోడ విశాలంగా అనిపిస్తుంది.

అపోహ: వెంటిలేటర్ చిన్నది, పగటి వెలుతురు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒకాయన మూడు బల్బులు మార్చి నన్ను పిలిచారు. స్టూలెక్కి వెంటిలేటర్‌లో ఏటవాలుగా ఉండే లూవర్ గాజు పలక ఒకటి బయటికి లాగాను. సబ్బు ఆవిరి, దుమ్ము కలిసి పేరుకున్న జిడ్డు పొర. వేలితో గీస్తే గీత పడింది. వెనక దోమల మెష్ బూజుతో దాదాపు మూసుకుపోయింది. ఆ ఒక్క పలక కడిగి పెడితే మిగతావాటి మధ్య పన్ను కట్టించినట్టు తెల్లగా మెరిసింది. ఆయన కాసేపు దాన్నే చూసి, ఏమీ అనకుండా బకెట్ తెచ్చుకున్నారు. అన్నీ కడిగాక వెంటిలేటర్ గూడు లోపలి అంచులకు కూడా తెల్ల రంగు వేయించాం. మీరూ కడిగేటట్టయితే పలకలకు వరసగా నంబర్లు వేసుకోండి, తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.