చైను సాగదు, అరుగుతుంది

చిరంజీవులకు ఆశీస్సులు.

పోయినసారి కలిసినప్పుడు మీలో ఒకరు అడిగారు, "మామయ్యా, సైకిలు వెనక చక్రానికి అన్నిటికన్నా ఖరీదైన క్యాసెట్, అదే పంటిచక్రాల గుత్తి, వేయించుకుంటే కొండదారుల్లో ఎంత తొక్కినా అరగదు కదా?" అని. తొందరలో ఉండి "అలా కాదమ్మా" అని ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కతో సరిపెట్టడం నాకే నచ్చలేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక లెక్క వేద్దాం. 75 కిలోల మనిషి ఎత్తు ఎక్కుతూ లేచి నిలబడి, బరువంతా ఒక పెడల్ మీద మోపాడనుకోండి. పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీని క్రాంకు అంటారు, దాని పొడవు 170 మిల్లీమీటర్లు. ముందు పెడళ్ళ దగ్గరుండే పంటిచక్రానికి, అంటే చైన్‌రింగ్‌కి 32 పళ్ళుంటే, దాని మధ్య నుంచి చైను దాకా దూరం దాదాపు 65 మిల్లీమీటర్లు. బళ్ళో చదివిన లీవరు లెక్కే ఇది. 75ని 170తో హెచ్చించి 65తో భాగిస్తే, చైను మీద పడే లాగుడు 196 కిలోల బరువంత! అదే 28 పళ్ళ చైన్‌రింగ్ అయితే సుమారు 225 కిలోలు. పళ్ళు తగ్గితే కాలికి సుఖమే కానీ, ఆ భారం చైను మోస్తుంది. అలాగని మోకాళ్ళు పాడుచేసుకోమనడం లేదు. మీ కాళ్ళు హాయిగా ఎక్కించగలిగినంతలో కాస్త పెద్ద చైన్‌రింగ్ ఎంచుకోండి. ముందు 28 పళ్ళకి వెనక 14 వేసినా, ముందు 32కి వెనక 16 వేసినా గేరు ఒకటే. రెండో జతలో లాగుడు తక్కువ, ఆ లాగుడు పంచుకునే పళ్ళు ఎక్కువ.

ఇక చైను సంగతి. మనమంతా "చైను సాగింది" అంటాం. నిజానికి ఇనుప పలకలేవీ రబ్బరులా సాగవు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను ఉంటుంది. పంటిచక్రం మీదికి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లింకు ఆ పిన్ను చుట్టూ తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా ఇంత అరుగుతుంది. ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడినా, వందకు పైగా పిన్నులున్న చైను మొత్తం మీద అది పొడవై కూర్చుంటుంది. 10 పళ్ళ చక్రం మీద లింకు ఒక్కసారికి 36 డిగ్రీలు వంగాలి. 51 పళ్ళ చక్రం మీద 7 డిగ్రీలు చాలు. ఎప్పుడూ అతి చిన్న చక్రం మీదే తొక్కేవాళ్ళ చైను ఎందుకు తొందరగా పోతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

అరిగిన చైను తానొక్కటే పోదు. లింకుకీ లింకుకీ మధ్య ఉండాల్సిన అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల దూరం పెరగ్గానే, అది పళ్ళని తన కొలతకి తగ్గట్టు అరగదీయడం మొదలుపెడుతుంది. నేను ఒకప్పుడు "ఇంకా బాగానే నడుస్తోందిగా" అనుకుని పాత చైనుతోనే వానాకాలమంతా తొక్కాను. తర్వాత కొత్త చైను వేస్తే, అరిగిన పళ్ళ మీద అది నిలవలేదు. నిటారు ఎక్కుడులో లేచి తొక్కుతుండగా జారింది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. ఒక్క చైనుతో పోవాల్సింది క్యాసెట్, చైన్‌రింగ్ కూడా మార్చుకునేదాకా వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మీకు ఆ బాధ రాకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి డబ్బు పెట్టగలిగితే ముందు మంచి చైను మీద పెట్టండి. ఈ కాలపు 12 స్పీడు చైను, అంటే వెనక 12 పంటిచక్రాలున్న సైకిలుది, 9 స్పీడు దానికన్నా సన్నం, నిజమే. కానీ ఆయుష్షు వెడల్పులో లేదు, పిన్ను గట్టిదనంలో ఉంది. పిన్నులకి క్రోమియం వంటి గట్టిపూత ఉన్నదేదో చూసి తీసుకోండి.

క్యాసెట్ విషయంలో నా సలహా అందుకు తిరగబడి ఉంటుంది. పైస్థాయి క్యాసెట్లలో ఖరీదు చాలావరకు బరువు తగ్గించడానికే. అందుకోసం పెద్ద చక్రాలను అల్యూమినియంతో చేస్తారు. పళ్ళు ఎక్కువ కనుక అవి కొంతకాలం తట్టుకుంటాయి. కానీ రోజూ బురదలో, ఆ పెద్ద చక్రం మీదే ఎక్కేవాళ్ళకి అది ముందే చేతులెత్తేస్తుంది. కొన్ని ఒకే ముక్కగా ఉంటాయి, పోయిన చక్రం ఒక్కటే మార్చుకునే వీలుండదు. పందెం కోసమైతే సరే. మనలా రాళ్ళలో, వానలో తొక్కేవాళ్ళకి బరువైనా ఉక్కు క్యాసెటే మేలు. చైన్‌రింగ్‌కీ ఇదే మాట. షిమానో 2021లో లింక్‌గ్లైడ్ అని మందమైన పళ్ళున్న వరుస తెచ్చింది. పాత పద్ధతి క్యాసెట్ కన్నా మూడు రెట్ల దాకా మన్నుతుందని ఆ సంస్థ చెబుతుంది. మన్నిక కోసమే ఒక పెద్ద సంస్థ బరువు ఒప్పుకుని తయారుచేసిందంటే నాకు చాలా సంతోషం వేసింది. అయితే ఆ క్యాసెట్‌ని షిమానో వారి మామూలు వరుస, హైపర్‌గ్లైడ్, షిఫ్టరు, డిరైలరులతో కలపకూడదు. గేరు మార్చే మీట షిఫ్టరు, చైనును చక్రం నుంచి చక్రానికి జరిపే డిరైలరు కూడా లింక్‌గ్లైడ్‌వే ఉండాలి.

విడివిడి చక్రాల క్యాసెట్ వేస్తుంటే ఫ్రీహబ్, అంటే వెనక చక్రం మధ్యలో క్యాసెట్ ఎక్కే భాగం, ఉక్కుదో అల్యూమినియందో అడగండి. మెత్తని అల్యూమినియంలో చక్రాలు గాట్లు పెడతాయి. డిరైలరు వేలాడే హ్యాంగరు విరిగేందుకే ఉంది, అది విరిగి ఫ్రేమును కాపాడుతుంది. ఒకటి అదనంగా సంచిలో ఉంచుకోండి.

ఎంత మంచి సామాను వేసినా, నూనెలో దుమ్ము కలిస్తే అది సానబెట్టే ముద్ద అవుతుంది. తొక్కి రాగానే చైను తుడవండి. నూనె లింకుల లోపలికి చేరాలి కానీ, పైన తడి మిగలకూడదు. గేరు మార్చే క్షణంలో కాలు కాస్త తేలిక చేయండి.

ఇప్పుడు ఒక పని చేయండి. స్కేలు తీసుకుని, ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకుల అవతలి పిన్ను మధ్య దాకా కొలవండి. కొత్త చైను అయితే 304.8 మిల్లీమీటర్లు ఉంటుంది. 11, 12 స్పీడు వాళ్ళు ఒకటిన్నర మిల్లీమీటరు పెరిగిందంటే చైను మార్చేయండి. 10, అంతకన్నా తక్కువ స్పీడు వాళ్ళు రెండుంపావు దాకా ఆగవచ్చు. మూడు దాటి ఉంటే కొత్త చైను కొనేముందు పళ్ళు చూపించండి. ఎవరిది ఎంత వచ్చిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ మామయ్య