డెత్ వ్యాలీలో సులువైన నడకలు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని లాస్ వేగస్ నుంచి కారులో సుమారు రెండు గంటలు వెళ్తే డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ, నేషనల్ పార్కు. తెలుగు కుటుంబాలను అక్కడికి తీసుకెళ్లి చిన్న చిన్న ట్రెయిల్స్ నడిపించడం నా పని. బయల్దేరే ముందు ప్రతిసారీ అవే మాటలు వింటుంటాను. వాటిలో కొన్నింటి వల్ల మంచి నడక చేజారుతుంది, కొన్నింటి వల్ల ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: "మూడు మైళ్లే కదా, సులువే."

ఇక్కడ సులువో కష్టమో చెప్పేది దూరం కాదు, నెలా గంటా. గోల్డెన్ కాన్యన్ అనే ఇరుకైన కొండ లోయ గుండా రెడ్ కెథీడ్రల్ అనే ఎర్ర గోడల దాకా వెళ్లి రావడం దాదాపు 5 కిలోమీటర్లు. జనవరి ఉదయం పదేళ్ల పిల్లలు కూడా ఆడుతూ పాడుతూ నడిచేస్తారు. వేసవిలో మాత్రం పల్లపు ప్రాంతాల్లో ఉదయం పది దాటాక నడవొద్దని పార్కు వాళ్లే హెచ్చరిస్తారు. నేనైతే నవంబరు నుంచి మార్చి వరకు రమ్మంటాను.

అపోహ: "రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఇదెంత?"

ఒక ఏప్రిల్‌లో పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయన ఈ మాటే అన్నారు. మధ్యాహ్నం రెండింటికి బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానంలో చివరిదాకా వెళ్దామన్నారు. "బాబాయ్ గారూ, మే నెల మిట్టమధ్యాహ్నం మీ ఊళ్లో పొలం గట్ల మీద షికారు చేస్తారా?" అని అడిగాను. "ఎందుకు చేస్తాం!" అన్నారు. పొద్దు వాలేదాకా ఆగాం.

ఎండ అలవాటున్నవాళ్లకి ఇక్కడ ఇంకో చిక్కుంది. మన దగ్గర చెమటకి చొక్కా తడిసిపోతుంది, నీళ్లు తాగాలని తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగానే ఉంటుంది, లోపల మాత్రం నీరు తరిగిపోతూ ఉంటుంది. టోపీ అంచున తెల్లటి ఉప్పు చార కనిపిస్తే అప్పటికే చాలా పోయిందని అర్థం. 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైన లోయ ఇది. పైగా బ్యాడ్‌వాటర్ సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంది. నీడ అన్నది లేదు, తెల్లటి ఉప్పు మీద పడిన ఎండ కిందనుంచి కూడా మొహానికి కొడుతుంది.

అపోహ: "నీళ్లు ఎన్ని తాగితే అంత మంచిది."

మనిషికి రోజుకి కనీసం 4 లీటర్లు కారులో ఉండాల్సిందే. కానీ చెమటతో ఉప్పూ పోతుంది. ఏమీ తినకుండా వట్టి నీళ్లే తాగుతూ పోతే తలనొప్పి, వికారం మొదలవుతాయి, ముదిరితే ప్రమాదం. నేను ఉప్పు వేసిన మజ్జిగ, కారప్పూస, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్తాను.

అపోహ: "ఎడారిలో వాన భయమేంటి?"

1976 వరకు గోల్డెన్ కాన్యన్ లోపలికి కార్లు వెళ్లే రోడ్డుండేది. ఆ ఏడాది వరద దాన్ని ఊడ్చేసింది. ఆ రోడ్డు ముక్కల్ని ఇప్పటికీ చూపిస్తుంటాను. 2022 ఆగస్టు 5న కొద్ది గంటల్లోనే దాదాపు 37 మిల్లీమీటర్లు కురిసింది, ఇక్కడ ఏడాదంతా పడేది 50 చిల్లరే. నేల గట్టి, నీరు ఇంకదు. కొండల మీద ఎక్కడో కురిసినా కాన్యన్‌లోకి ఉరికొస్తుంది. కొండల వైపు మబ్బు కనిపిస్తే ఆ రోజు కాన్యన్ వద్దు.

అపోహ: "అంతా ఇసుకే, చూసేదేముంది?"

పార్కులో ఇసుక దిబ్బలు ఒక్క శాతం కూడా లేవు.

అపోహ: "అమ్మానాన్నలు కారులోనే కూర్చోవాలి."

ఇది వింటే నాకు బాధేస్తుంది. లోయ అందాలు చూసే జాబ్రిస్కీ పాయింట్ అనే మిట్టకి తారు వేసిన దారి ఉంది, కాస్త ఎత్తెక్కితే చాలు. బ్యాడ్‌వాటర్ దగ్గర ఉప్పు మొదలయ్యేదాకా చక్రాల కుర్చీ వెళ్తుంది. తెల్లవారుజామున జాబ్రిస్కీ దగ్గర నిలబడితే వెలుగు ముందు ఎదుటి కొండ శిఖరాల మీద పడి, మెల్లగా కిందికి దిగి, పసుపు రంగు మట్టి మడతల్ని వెలిగిస్తుంది. చలికాలం ఆ వేళకి 4, 5 డిగ్రీలే ఉంటుంది, వాళ్ల స్వెట్టర్లూ మఫ్లర్లూ మర్చిపోకండి.