"షార్ట్ సర్క్యూట్ సార్!": నిప్పు గురించి మనం చెప్పుకునే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

మంట ఆరిపోయాక మా ఫైర్ ఇంజిన్ వాళ్లు హోసు పైపులు చుట్టుకుంటుంటే, పక్కకి తీసుకెళ్లి "ఎట్టా అంటుకుంది?" అని అడగడం నా పని. రిపోర్టులో కారణం రాయడానికి ఒక గడి ఉంటుంది మరి. ఒంగోలు, కందుకూరు, కావలి చుట్టుపక్కల ఇన్నేళ్లలో ఆ గడిలోకి నాకు వచ్చిన జవాబులు దాదాపుగా మూడే. "షార్ట్ సర్క్యూట్ సార్." "గిట్టనోళ్లు ఎవరో అంటించారు సార్." "ఎండలు సార్, రోహిణి కార్తె కదా."

మూడింట్లోనూ ఒక సుఖం ఉంది. ఇంట్లోవాళ్ల చెయ్యి ఎక్కడా లేదు. అందుకే మళ్లీ కప్పు వేసుకున్నాక పొయ్యి అక్కడే ఉంటుంది, వైరు అట్లాగే వేలాడుతుంటుంది. సరే, ఒక్కోటీ చూద్దాం. ముందు ఎండ సంగతి.

"ఎండకే అంటుకుంది"

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు గానీ, ఇళ్లు అంటుకుంటాయని పెద్దవాళ్లు ఎక్కడా అనలేదు. ఎండిన తాటాకు తనంతట తాను మండాలంటే వేడి 200 డిగ్రీలు దాటాలి. మిట్టమధ్యాహ్నం పూరికప్పు మీద చెయ్యి పెట్టలేం, నిజమే. అయినా అది 70, 80 డిగ్రీలకు మించదు. ఎండ చేసేది ఆకును పిడకలా ఆరబెట్టడం వరకే. నిప్పు వేరేచోటి నుంచి రావాలి.

ఎక్కడి నుంచి? ఒక పల్లెలో మే నెలలో వరసగా ఇళ్లు కాలాయి. పడమటి గాలి కొడుతోంది. మొదట అంటుకున్న ఇంటి వెనక పెంటదిబ్బ ఉంది. పొద్దున పొయ్యిలో తీసిన బూడిద దాని మీద పోసి ఉంది, చూడ్డానికి తెల్లగా, చల్లగా. నేను మోకాళ్ల మీద కూర్చుని పుల్లతో కెలికితే బెత్తెడు లోతులో ఎర్రటి కణిక కనపడింది. గాలి పై బూడిదని లేపుకుపోయి ఆ కణికని బయటపెట్టింది. పక్కనున్న ముసలమ్మ చూసి, "అయ్యో, నేనే పోశాను నాయనా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. పొయ్యిలోని బూడిదని చెంబెడు నీళ్లు చల్లి, కలిపి, మళ్లీ చల్లి, అప్పుడు పారబోయండి. గాలి కొట్టే రోజు పొయ్యి పని పది గంటల్లోపు ముగించుకోండి.

"గడ్డివామి దానంతటది ఎట్టా అంటుకుంటుంది? ఎవరో అంటించారు"

దీని మీద ఊళ్లల్లో తలలు పగలగొట్టుకున్నారు, పోలీసు కేసులు పెట్టుకున్నారు. అంటించేవాళ్లు లేరనను. కానీ వామి దానంతటది అంటుకోవడం మాత్రం నిజం. సరిగా ఆరని గడ్డిని, లేదా కోతల్లో వానకు తడిసిన గడ్డిని వామి వేస్తే లోపల సూక్ష్మజీవులు పనిచేస్తాయి, వేడి పుడుతుంది. వామి పెద్దదైతే ఆ వేడికి బయటపడే దారి ఉండదు. 70 డిగ్రీల దగ్గర ఆ జీవులు చస్తాయి. అప్పటికే గడ్డి గాలితో కలిసి ఇంకా వేడెక్కే దశకు వచ్చి ఉంటుంది. రోజులూ వారాలూ గడిచాక, ఒక రాత్రి పొగ. వామి దగ్గర కాలిన బెల్లంలాంటి వాసన వచ్చినా, పొద్దున్నే మంచులో వామి మీద ఆవిరి లేచినా పక్కింటాయన్ని అనుమానించకండి. పలుగు తీసుకుని వామిలోకి గుచ్చి, అరగంట ఉంచి, లాగి పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేకపోతే ముందు మాకు ఫోన్ చేయండి. వేడెక్కిన వామిని విప్పితే గాలి తగిలి భగ్గుమంటుంది. నీళ్లు సిద్ధంగా లేకుండా దాని జోలికి పోకూడదు.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. కొత్తలో ఒక వామి మీద ఇంజిన్ నీళ్లన్నీ కొట్టి, పొగ ఆగింది కదా అని వచ్చేశాను. పైన తడిసిన గడ్డి పెచ్చులా గట్టిపడింది, నీళ్లు జారిపోయాయి, లోపలి నిప్పు అట్లాగే ఉంది. రెండో రోజు తెల్లవారుజామున అదే ఊరు, అదే వామి, ఈసారి పక్కనున్న పశువుల పాక కూడా. అప్పటి నుంచి కొంకెకర్రలతో వామిని విడదీసి, పరిచి, తొక్కి చూడందే కదలను. "పోయేది గడ్డే కదా, చల్లేసి పోండి" అని రైతే విసుక్కున్నా సరే.

పత్తి బేళ్లదీ ఇదే గుణం. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మేం అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతామే, దాని వెనక కథ ఇదే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో పత్తి బేళ్లు రాజుకున్నాయి. నీళ్లు కొడుతూనే ఉన్నారు, నిప్పు ఎక్కడుందో దొరకలేదు. అదే ఓడలో పేలుడు సామాను ఉంది. దాదాపు రెండు గంటల తర్వాత పేలింది. పోయినవాళ్లలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది.

"బ్యారన్‌లో మంట కనపడితే తలుపు తీసి నీళ్లు కొట్టాలి"

టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి వైపు పొగాకు రైతులకు ఇది ముఖ్యం. బ్యారన్ అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గది. అది కాలిందంటే ఒక కాపు ఆకు పోయినట్టు, అంటే నెలల కూలీ, ఎరువుల అప్పు అంతా.

ఎట్టా కాలుతుందో చాలామంది రైతులకు నాకంటే బాగా తెలుసు. ఆకు పండే దశలో ప్రమాదం తక్కువ, తేమ ఉంటుంది. ఈనె ఎండే చివరి దశలో లోపల వేడి 70 డిగ్రీల దాకా తీసుకెళతారు, ఆకు గలగలలాడుతుంటుంది. సరిగ్గా అప్పుడు కర్రకు వదులుగా అల్లిన ఆకు ఒకటి జారి, పొయ్యి వేడిని లోపలికి తెచ్చే కింది గొట్టం మీద పడుతుంది. పొయ్యికి దగ్గరి గొట్టం ఎర్రగా కాలి ఉంటుంది. అంతే. త్వరగా దించేసి ఇంకో కాపు ఎక్కించాలన్న తొందరలో పొయ్యిలో కట్టెలు దట్టించినా, గొట్టం అతుకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డా ఇదే ఫలితం.

తలుపు తెరవగానే ఏమవుతుంది? లోపల గాలి చాలక నెమ్మదిగా రాజుకుంటున్న ఆకుకి ఒక్కసారిగా గాలి దొరుకుతుంది. మంట తలుపులోంచే బయటికి, మీ ముఖం మీదికి వస్తుంది. కాబట్టి పొగ వాసన మారిందని అనుమానం రాగానే చేయాల్సింది తలుపు తెరవడం కాదు, పొయ్యిలోంచి కట్టెలు లాగేసి, కింది గాలి కంతలూ పై కిటికీలూ అన్నీ మూసేయడం. ఆ తర్వాత ఫోన్. మేం వచ్చాక, చేతిలో నీళ్లున్నాక తెరుస్తాం. గొట్టాల మీద ఇనుప వల పరిస్తే రాలిన ఆకు దాని మీదే ఆగుతుంది. ఏటా మొదటి కాపుకు ముందు గొట్టాల అతుకులు మట్టితో మెత్తుకోండి. రాత్రి కాపలా మనిషి నిద్రపోకుండా ఉండటం కూడా అగ్నిమాపక చర్యే, ఆ మాట రాసిన చట్టం లేదు గానీ.

"షార్ట్ సర్క్యూట్"

ఇల్లు కాలాక వైర్లు ఒకదానికొకటి అతుక్కుని, రాగి చివర ముత్యంలా కరిగి ఉంటుంది. దాన్ని చూపించి "ఇదిగో షార్ట్" అంటారు. మంట వేరేచోట పుట్టినా ఆ ముత్యం వస్తుంది. ఎందుకంటే వేడికి తొడుగు కరిగి తీగలు తాకుతాయి, అప్పుడు షార్ట్ అవుతుంది. చాలాసార్లు షార్ట్ అనేది కారణం కాదు, ఫలితం.

ఇళ్లల్లో నేను ఎక్కువగా చూసేది ఓవర్‌లోడ్, వదులు కనెక్షన్. ఒకటిన్నర ఎంఎం వైరు దాదాపు 15 ఆంపియర్లు మోయగలదు. దాని మీదే ఏసీ 7, 8 ఆంపియర్లు, గీజరు ఇంకో 8, 9. ఇస్త్రీపెట్టె పెడితే 20 దాటింది. పాపం ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటది ఆగే స్విచ్, పడిపోతుంది. అది చేసే మేలు అదే. మనం ఏం చేస్తాం? "మాటిమాటికీ పడిపోతోంది, పెద్దది వేయవయ్యా" అని ఎలక్ట్రీషియన్‌తో 32 ఆంపియర్లది పెట్టిస్తాం. ఇక అది పడదు. వైరే గోడలో కాలుతుంది. పాత ఇళ్లల్లో ఫ్యూజులో రాగి తీగ పేనలు పేనలుగా చుట్టడం కూడా ఇదే పని. ఎంసీబీ మార్చాలంటే ముందు వైరు మార్చాలి. పిన్ను నల్లబడిన ప్లగ్గు, చెయ్యి పెడితే వెచ్చగా తగిలే స్విచ్‌బోర్డు, చేపల వాసనలాంటి కమురు... ఇవి మంటకు వారాల ముందు వచ్చే ఉత్తరాలు.

"సిలిండర్ పేలింది"

పేపర్లో ఇట్లాగే వస్తుంది. వెళ్లి చూస్తే చాలాసార్లు సిలిండర్ చెక్కుచెదరకుండా మూలన నిలబడి ఉంటుంది, వంటగది గోడ మాత్రం వీధిలో ఉంటుంది. పేలింది బయటికి కారి గదిలో నిండిన గ్యాస్. వంటగ్యాస్ గాలికంటే బరువు, అందుకే పైకి పోదు, నీళ్లలా నేల మీద పాకుతుంది. గాలిలో రెండు శాతం చేరితే చాలు అంటుకోవడానికి.

వాసన వచ్చిన రాత్రి చేయకూడనిది లైటు వేయడం. వేసి ఉంటే ఆపడం కూడా. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. ఫ్యాను అసలే వద్దు. ఫ్రిజ్‌ని అందరూ మరిచిపోతారు, అది ఎవరూ ముట్టకుండానే ఆన్ అవుతుంది. అట్లాగని దాని స్విచ్ ముట్టుకోకండి, గది బయట మెయిన్ ఉంటే అక్కడ ఆపండి. తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటర్ కట్టేసి ఊడదీసి, మూత బిగించి, బయటికి వచ్చి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు చేయండి. ఆ వాసన కూడా గ్యాస్‌ది కాదు, మనకు తెలియడానికి గ్యాస్ కంపెనీ వాళ్లు కలిపినది.

ఇంకో భయం: రెగ్యులేటర్ దగ్గర మంట వస్తే లోపలికి పోయి పేలుతుందని. పోదు. లోపల గాలి లేదు, గ్యాస్ బయటికి తోసుకొస్తోంది. అందితే తడి గోనెపట్టా చేతికి చుట్టుకుని నాబ్ తిప్పేయండి. అందకపోతే మనుషుల్ని బయటికి పంపి మాకు చెప్పండి. గ్యాస్ ఆపలేని మంటని ఆర్పడం మంచిది కాదు, కారిన గ్యాస్ ఇంకోచోట అంటుకుంటుంది. సిలిండర్ నిజంగా పేలేది పక్కనున్న మంట దాన్ని చాలాసేపు కాల్చినప్పుడు.

కాగే నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్లవుతాయి, అది మండే నూనెని కప్పు దాకా ఎగజిమ్ముతుంది. పొయ్యి ఆపి మూత బోర్లించండి, బాండలిని మాత్రం కదపకండి. పెళ్లి వంటల దగ్గర ఇది రోజూ చెప్పాల్సిన మాట.

"మంటలో కాలి చనిపోయారు"

ఎక్కువమందిని చంపేది పొగ. 2012 జులై 30 తెల్లవారుజామున నెల్లూరు దగ్గర తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎస్-11 బోగీ కాలి ముప్పై మందికి పైగా పోయారు. నిద్రలో ఉన్న మనిషికి ముక్కు పనిచేయదు, పొగ వాసనకి మెలకువ వస్తుందనుకోవడం భ్రమ. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. తడి గుడ్డ మసిని ఆపుతుంది గానీ దాన్ని ఆపదు. కాబట్టి తడి గుడ్డ కట్టుకుని సామాన్ల కోసం మళ్లీ లోపలికి వెళ్లడం ఆత్మహత్యతో సమానం. పొగ పైన పేరుకుంటుంది, కింద కాస్త గాలి ఉంటుంది. పాకుతూ రావాలి.

ఒంటి మీద కాలిన చోట సిరా, పేస్టు, ఇడ్లీ పిండి... ఏదీ వద్దు. ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టండి. ఐసు కూడా వద్దు.

"ఖాళీ ఇంజిన్‌తో వచ్చారు"

ఈ మాట మమ్మల్ని బాధపెడుతుంది కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. మా పెద్ద ఇంజిన్‌లో పట్టేది 4,500 లీటర్లు. పంపు పూర్తిగా తెరిస్తే నిమిషానికి 1,800 లీటర్లు పోతాయి. లెక్క మీరే వేసుకోండి, మూడు నిమిషాలు కూడా రావు. మేం పొదుపుగా కొడతాం, అయినా ఒక దశలో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత దగ్గర్లో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పాల్సింది ఊరే. ఏ బోరు మోటారు నడుస్తుంది, చెరువు దాకా ఇంజిన్ పోతుందా, తాళం ఎవరి దగ్గర ఉంది.

ఇంకొకటి, ఫోన్‌లో "రామాలయం పక్కన అన్నా, త్వరగా రండి" అని పెట్టేస్తారు. రామాలయం లేని ఊరేది? 101కి చేసినప్పుడు ఊరి పేరు, మండలం, ఏ రోడ్డు నుంచి తిరగాలో చెప్పండి. కాలుతోంది ఇల్లా, వామా, బ్యారనా అన్నది కూడా చెప్పండి, దాన్నిబట్టి సామాను ఎక్కిస్తాం. ఆర్పినందుకు డబ్బులేమీ తీసుకోం. చెప్పాక ఒక కుర్రాణ్ణి మెయిన్ రోడ్డు మీదికి పంపండి. కందుకూరు రోడ్డులో ఒకసారి అట్లాగే ఒక పిల్లాడు ఎర్ర తువ్వాలు ఊపుతూ నిలబడ్డాడు. వాడు ఇంజిన్ ఎక్కి, అన్నీ ఇరుకు సందులే అయిన ఆ ఊళ్లో ఏ మలుపులో మా బండి పడుతుందో, ఏ మలుపులో కరెంటు తీగ కిందికి వేలాడుతోందో చెప్పుకుంటూ తీసుకెళ్లాడు.